బీమ్ లేకుండానే తిరిగే ప్లాస్మా: ఏ దిక్కుకు తిరగాలో తేల్చేది అయస్కాంత ఆకారమేనా?

ఎమ్మెస్సీ_రెండో_ఏడు

అందరికీ నమస్కారం. సెమినార్‌కి టోకమాక్‌లో (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువును, అంటే ప్లాస్మాను, అయస్కాంత క్షేత్రంతో గారె ఆకారంలో, అంటే టోరస్‌లో, పట్టి ఉంచే ఫ్యూజన్ యంత్రం) ప్లాస్మా భ్రమణం అనే అంశం తీసుకున్నాను. న్యూట్రల్ బీమ్ (విద్యుదావేశం లేని కణాల ధార) కొడితే ప్లాస్మా తిరగడం వరకు అర్థమైంది. వేగంగా దూసుకొచ్చే పరమాణువులు తమ ద్రవ్యవేగాన్ని ప్లాస్మాకు ఇచ్చేస్తాయి, అంతే. కానీ బీమ్ అసలు లేకుండా, రేడియో తరంగాలతో వేడి చేసినా, ఒక్కోసారి అవీ లేకుండా ప్లాస్మా కరెంట్ వేడి ఒక్కటే ఉన్నా, టోరస్ చుట్టూ సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో తిరుగుతుందట. ఎవరూ తొయ్యనప్పుడు కోణీయ ద్రవ్యవేగం ఎక్కడి నుంచి వస్తుంది?

పైగా మా గైడ్ "ఎక్స్-పాయింట్‌ని కింది నుంచి పైకి మారిస్తే వేగం మారిపోతుంది, అది కూడా చెప్పు" అన్నారు. ఎక్స్-పాయింట్ అంటే ప్లాస్మా అంచు గీత ఎక్స్ అక్షరంలా తనను తాను దాటే చోటు అని తెలుసు, కానీ అక్కడే నా బుర్ర ఆగిపోయింది. ఆకారానికీ భ్రమణానికీ సంబంధం ఏంటి? గురువారమే సెమినార్, కొంచెం టెన్షన్‌గా ఉంది.

పాతలెక్చరర్

నిత్యత్వ నియమం సంగతి ముందు తేల్చుకో, హాల్లో మొదటి ప్రశ్న అదే వస్తుంది. ప్లాస్మా ఒంటరిగా లేదు. అంచు దాటిన అయాన్లు గోడకో డైవర్టర్ పలకలకో (బయటపడ్డ ప్లాస్మాను మళ్ళించి పట్టే పలకలు) తగిలి తమ ద్రవ్యవేగాన్ని అక్కడ వదిలేస్తాయి. ఒక దిశలో పోయే అయాన్లు కాస్త ఎక్కువగా బయటపడ్డాయనుకో, లోపల మిగిలినవాటికి ఎదురు దిశలో ఆ మేరకు ద్రవ్యవేగం మిగిలిపోతుంది. యంత్రం మొత్తాన్ని కలిపి లెక్కేస్తే సున్నాయే. అందుకని నీ ప్రశ్నను ఇలా మార్చుకో: రెండు దిశలూ సమానమే అయినప్పుడు ప్లాస్మా ఒకదాని పక్షం ఎందుకు వహిస్తుంది?

ఈ విషయంలో ఎమ్‌ఐటీలోని ఆల్కేటర్ సీ-మోడ్ అనే టోకమాక్ పేరు తప్పకుండా చెప్పు. ప్రధాన వ్యాసార్ధం 0.67 మీటర్లే, క్షేత్రం మాత్రం 8 టెస్లా దాకా. వేడి చేయడానికి రేడియో తరంగాలు వాడేవారు, ప్లాస్మాను తొయ్యగల పెద్ద బీమ్ లేదు. కాబట్టి "బీమే తిప్పిందేమో" అని అనుమానించడానికి చోటు లేదు. జాన్ రైస్ బృందం అక్కడ ఒక పోకడ చూసింది: ప్లాస్మా హెచ్-మోడ్‌లోకి (వేడి బాగా నిలిచే స్థితిలోకి) వెళ్ళగానే భ్రమణం కరెంట్ దిశలో పెరుగుతుంది. ఆ పెరుగుదల ప్లాస్మాలో నిల్వ ఉన్న శక్తి పెరుగుదలకు అనులోమంగా, ప్లాస్మా కరెంట్‌కు విలోమంగా ఉంటుంది. కొన్ని ప్రయోగాల్లో వేగం సెకనుకు 100 కిలోమీటర్లు దాటింది.

నీలిమేఘం

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. కోట్ల డిగ్రీల వేడిలో ఏ పరికరం పెట్టి ఈ వేగం కొలుస్తారు?

పాతలెక్చరర్

లోపల ఏదీ పెట్టరండీ. ప్లాస్మాలోకి చిటికెడు ఆర్గాన్ వదులుతారు. ఆ వేడికి దాని 18 ఎలక్ట్రాన్లలో 16 ఊడిపోయి రెండే మిగులుతాయి. అలాంటి అయాన్ దాదాపు 3.95 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఎక్స్-రే గీత ఇస్తుంది. స్ఫటికంతో ఆ గీతను విడదీసి, ఎంత పక్కకు జరిగిందో చూస్తారు, మామూలు డాప్లర్ లెక్కే. వేగం సెకనుకు 100 కిలోమీటర్లు అంటే కాంతి వేగంలో మూడు వేలో వంతు, కాబట్టి గీత జరిగేది 0.0013 ఆంగ్‌స్ట్రామ్‌లు. అంత చిన్న జరుగుడును పట్టుకోవాలి. సున్నా వేగం దగ్గర గీత ఎక్కడుండాలో ముందే కచ్చితంగా తెలియకపోతే దిశ కూడా తప్పు చెప్పే ప్రమాదం ఉంది.

వక్రరేఖ

ఇక ఆకారం సంగతి. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది సౌష్ఠవం వాదన, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

టోకమాక్‌ను నిలువుగా కోసి చూడండి. ఆ కోత మధ్య తలానికి పైభాగం, కింది భాగం అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఉన్నాయనుకుందాం. ద్రవ్యవేగాన్ని లోపలి నుంచి బయటికి మోసేది ప్రధానంగా టర్బులెన్స్, అంటే చిన్న చిన్న సుడులు. పైభాగంలో ఒక సుడి కరెంట్ దిశలోని ద్రవ్యవేగాన్ని కొంత బయటికి మోస్తే, కింది భాగంలో దాని అద్దం బొమ్మ లాంటి సుడి ఎదురు దిశలోని ద్రవ్యవేగాన్ని సరిగ్గా అంతే మోస్తుంది. సగటు తీస్తే సున్నా. తాడు లాగే పోటీలో రెండు జట్లూ సమ ఉజ్జీలైతే ఎంత చెమటోడ్చినా తాడు కదలదు కదా, అలాగన్నమాట. అప్పటికే భ్రమణమూ, దాని వాలూ (లోపలి నుంచి బయటికి వేగంలో వచ్చే తేడా) లేకపోతే టర్బులెన్స్ కొత్తగా భ్రమణాన్ని పుట్టించలేదని గైరోకైనెటిక్ సమీకరణాలతో (అయాన్ల గిరగిర తిరుగుడును సగటు చేసి టర్బులెన్స్‌ను వర్ణించేవి) చూపించారు. పీటర్స్, ఆంజియోని 2005లో చెప్పారు, పార్రా, బార్న్స్, పీటర్స్ 2011లో ఇంకా విస్తృతంగా నిరూపించారు.

ఇక్కడ ఒక షరతు ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. ఇది తొలి అంచనా వరకే నిజం. అయాన్ గిరగిరా తిరిగే వృత్తం యంత్రం సైజుతో పోలిస్తే ఎంత చిన్నదో చెప్పే నిష్పత్తి ఒకటుంది, దాన్ని రో-స్టార్ అంటారు. ఆ నిష్పత్తి స్థాయిలో ఉండే చిన్న సవరణలు సౌష్ఠవాన్ని చెడగొడతాయి. మామూలు ఆకారం ఉన్న యంత్రాల్లో కూడా ప్లాస్మా తిరగడానికి ఈ సవరణలూ ఒక కారణం. యంత్రం పెద్దదయ్యే కొద్దీ రో-స్టార్ తగ్గుతుంది, ఈ చోదన కూడా బలహీనపడుతుంది.

అదే ఆకారాన్నే మనం కావాలని వంకర చేస్తే? కోత పైకీ కిందికీ ఒకేలా లేకుండా, దీర్ఘవృత్తాన్ని పక్కకు ఒరిగించినట్టు పెడితే, తొలి అంచనాలోనే సౌష్ఠవం పోతుంది. దానికి రో-స్టార్ అడ్డు లేదు. అందుకే పెద్ద యంత్రాలకు ఈ దారి మీద ఆశ ఎక్కువ. లొసాన్‌లోని టీసీవీ టోకమాక్‌లో ఇలాంటి ఆకారాలు పెట్టి చూశారు, కామెనెన్ బృందం ఫలితం 2010లో వచ్చింది. వంకరను అటు నుంచి ఇటు మారిస్తే భ్రమణం వాలు కూడా మారింది, ముఖ్యంగా ప్లాస్మా బయటి భాగంలో. బయటి భాగంలోనే ఎందుకంటే, కాయిల్స్‌తో అంచుకు ఇచ్చిన వంకర లోపలికి పోయే కొద్దీ కరిగిపోతుంది. ఆకారం ఎంత మెలికలు తిరిగి ఉంటే అంత త్వరగా కరుగుతుంది. ఒరిగిన దీర్ఘవృత్తం లాంటి సాదా వంకరే లోపలి దాకా నిలుస్తుంది. బాల్, పార్రా చేసిన లెక్కలు ఆ దిశలోనే చెబుతాయి.

గుండ్రటిగది

వక్రరేఖ గారూ, బాగా రాశారు. కానీ ఆకారానికి మరీ ఎక్కువ ఘనత ఇస్తున్నారని నా అభిప్రాయం. అదే టీసీవీలో 2006 నాటి బోర్టొలాన్ ఫలితం చూడండి. ఆకారం మార్చలేదు, కాయిల్స్ ముట్టుకోలేదు. సాంద్రతను మెల్లగా పెంచుతూ పోయారు, ఒక హద్దు దాటగానే ప్లాస్మా మధ్యభాగం తిరిగే దిశే తారుమారైంది. సీ-మోడ్‌లోనూ ఇలాంటి తారుమారే చూశారు. ఆకారం అంతా తేలుస్తుందంటే, అదే ఆకారంలో రెండు దిశలూ ఎలా వచ్చాయి? అసలు పెత్తనం టర్బులెన్స్‌ది, అయాన్ల గుద్దులాటది.

వక్రరేఖ

ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది గుండ్రటిగది గారూ :) 2006 ప్రయోగం లిమిటర్ ప్లాస్మాలో, అంటే ప్లాస్మా అంచు నేరుగా గోడ పలకకు ఆనుకుని ఉన్న స్థితిలో. సాంద్రత పెరిగితే భ్రమణం ఎదురు దిశ నుంచి కరెంట్ దిశకు మారింది. తరవాత అదే యంత్రంలో డైవర్టర్ ఆకారం పెట్టి, అంటే ఎక్స్-పాయింట్ ఉన్న ప్లాస్మాలో, అదే పని చేశారు. ఈసారి సాంద్రత పెరిగితే కరెంట్ దిశ నుంచి ఎదురు దిశకు మారింది. అదే యంత్రం, అదే మీట, ఫలితం తలకిందులు. మీట సాంద్రతే అనుకుందాం, అది ఎటు తిరగాలో చెప్పింది మాత్రం అంచు ఆకారమే కదా?

గుండ్రటిగది

పాక్షికంగా ఒప్పుకుంటాను. కానీ "అంచు ఆకారం" అన్నమాట చాలా పెద్ద సంచి. అందులో ఏది పనిచేస్తోందో విడదీసి చెప్పకపోతే అది వివరణ కాదు.

అయాన్‌తోట

విడదీసి చెప్పే ప్రయత్నం చేస్తాను. ఎమ్మెస్సీ గారి గైడ్ అడిగింది కూడా ఇదే.

సీ-మోడ్‌లో లాబొంబార్డ్ బృందం 2004లో చూపించిన సంగతి ఇది. ప్లాస్మా నుంచి కణాలు ఎక్కువగా కారేది టోరస్ బయటి వైపు నుంచి, లోపలి వైపు నుంచి దాదాపు ఏమీ రాదు. కానీ సెపరేట్రిక్స్ (మూసుకున్న క్షేత్ర రేఖల చివరి హద్దు, అంటే ప్లాస్మా అంచు) అవతల ఉన్న పలచని పొర లోపలి వైపు కూడా ఖాళీగా ఉండదు. మరి అక్కడికి కణాలు ఎలా వస్తాయి? బయటి వైపున కారినవి క్షేత్ర రేఖల వెంబడి ప్రయాణించి లోపలి వైపుకు చేరతాయి. ఎక్స్-పాయింట్ కింద ఉంటే కింది దారి డైవర్టర్ దగ్గర తెగిపోతుంది, కాబట్టి ప్రవాహం తల మీదుగా పోవాలి. ఎక్స్-పాయింట్ పైన ఉంటే కింది నుంచి చుట్టి రావాలి. లోపలి వైపున ఈ ప్రవాహం దాదాపు ధ్వని వేగాన్ని అందుకుంటుంది.

ఇప్పుడు అసలు కీలకం: క్షేత్ర రేఖలు నిట్టనిలువుగా ఉండవు, టోరస్ చుట్టూ మరలాగా మెలితిరిగి ఉంటాయి. వాటి వెంట తల మీదుగా వెళ్ళే ప్రవాహం టోరస్ చుట్టూ ఒక దిశలో సాగితే, కింది నుంచి వెళ్ళేది దానికి ఎదురు దిశలో సాగుతుంది. లోపలి ప్లాస్మాకు ఈ పొర సరిహద్దు షరతు లాంటిది. అంచు ఎటు లాగితే లోపలిది అటు ఒరుగుతుంది. అయాన్ల గ్రేడ్-బీ జారుడు (క్షేత్ర బలం అన్నిచోట్లా ఒకేలా లేనందువల్ల అయాన్లు పైకో కిందికో జరగడం) ఎక్స్-పాయింట్ వైపు ఉన్నప్పుడు ప్రవాహం కరెంట్ దిశలో ఉంటుంది. ఎక్స్-పాయింట్‌ను అవతలి చివరకు మారిస్తే మొత్తం వేగం ఎదురు దిశ వైపు జరుగుతుంది. పైనా కిందా రెండు ఎక్స్-పాయింట్లూ ఉన్నప్పుడు, ఆ రెంటి సెపరేట్రిక్స్‌ల మధ్య కొన్ని మిల్లీమీటర్ల తేడా చాలు, ప్రవాహం ఈ పక్షం నుంచి ఆ పక్షానికి మారిపోతుంది.

ఇంకో ముక్క. జారుడు ఎక్స్-పాయింట్ వైపు ఉంటే హెచ్-మోడ్‌లోకి వెళ్ళడానికి తక్కువ పవర్ చాలు, ఎదురుగా ఉంటే దాదాపు రెట్టింపు కావాలి. ఈ సంగతి చాలా యంత్రాల్లో ఎప్పటి నుంచో తెలుసు, కారణమే సరిగా అంతుపట్టలేదు. ఈ ప్రవాహాల మార్పుకూ దానికీ ముడి ఉందని లాబొంబార్డ్ వాదన.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు

అయాన్‌తోట గారూ, తల మీదుగా, కింది నుంచి అన్నది చదివాక మా గైడ్ మాట ఇప్పుడు అర్థమైంది. చాలా థ్యాంక్స్. మరి ఎక్స్-పాయింట్ పైనా కిందా అన్నదే ముఖ్యమా? కిందే ఉంచి లోపలికీ బయటికీ జరిపితే?

అయాన్‌తోట

జరిపి చూశారు! టీసీవీకి విడివిడిగా పవర్ అందే 16 ఆకార కాయిల్స్ ఉన్నాయి, ప్లాస్మాను ఎలా కావాలంటే అలా మలచవచ్చు. స్టోల్జ్‌ఫస్-డ్యూక్ 2012లో ఒక సిద్ధాంతం రాశాడు, 2015లో టీసీవీలో దాన్ని పరీక్షించారు. ఎక్స్-పాయింట్‌ను లోపలి వైపు నుంచి బయటి వైపుకు జరిపే కొద్దీ అంచులోని భ్రమణం సరళరేఖలా తగ్గుతూ వచ్చింది. పూర్తిగా బయటి వైపుకు వచ్చేసరికి సున్నా అయింది, లేదా ఎదురు దిశకు తిరిగింది. మధ్యభాగపు వేగం కూడా అంచుతో కలిసి దాదాపు మొత్తంగా పైకీ కిందికీ జరిగింది, రెట్టింపు కంటే ఎక్కువ తేడా వచ్చింది.

సిద్ధాంతం స్థూలంగా ఇది. కరెంట్ దిశలో పోయే అయాన్ కక్ష్య టోరస్ బయటి వైపున కాస్త వెలుపలికి జరుగుతుంది, ఎదురు దిశలో పోయేది లోపలికి జరుగుతుంది. టర్బులెన్స్ బయటి వైపున ఎక్కువ, అక్కడ కూడా అంచు దాటి వెలుపలికి పోయే కొద్దీ తగ్గుతుంది. అంటే ఎదురు దిశలో పోయే అయాన్లకు బలమైన టర్బులెన్స్ తగిలి అవి త్వరగా బయటపడతాయి, లోపల కరెంట్ దిశ మిగులుతుంది. కక్ష్య ఎంత జరిగిందన్నది ఎక్స్-పాయింట్ నుంచి లెక్క. ఎక్స్-పాయింట్ లోపలి వైపున ఉంటే బయటి వైపుకు చేరేలోగా బాగా జరుగుతుంది. ఎక్స్-పాయింటే బయటి వైపున ఉంటే జరగడానికి దూరమే ఉండదు. అయాన్ ఉష్ణోగ్రత పెరిగితే ఈ వేగం పెరగాలి, ప్లాస్మా కరెంట్ పెరిగితే తగ్గాలి. పాతలెక్చరర్ గారు చెప్పిన రైస్ పోకడతో ఇది సరిపోతుంది.

గుండ్రటిగది

ఇప్పుడు దారికొచ్చింది. ఆ 2015 ఫలితంలోనే ఇంకో మాట ఉంది, అది నా వైపు వాదన. మధ్యభాగం దిశ తారుమారైనప్పుడు అంచు వేగం పెద్దగా చలించలేదు. అంటే ఇవి రెండు వేర్వేరు యంత్రాంగాలు. అంచును ఎక్స్-పాయింట్ నిర్ణయిస్తుంది, దాని మీద మధ్యభాగపు వాలును టర్బులెన్స్ తరహా నిర్ణయిస్తుంది. సెమినార్‌లో రెంటినీ ఒకే గాటన కట్టకండి.

వక్రరేఖ

దీనితో నాకు పేచీ లేదు.

సున్నా_టార్క్

సిద్ధాంతం బాగుంది కానీ ఇదంతా ఎవరికి కావాలో కూడా చెప్పండి. భ్రమణం లేని ప్లాస్మాలో అయస్కాంత ద్వీపాలు (క్షేత్ర రేఖలు విడిగా చుట్టుకుపోయిన చోట్లు) క్షేత్రంలోని లోపాల దగ్గర ఆగిపోతాయి, ఆగి పెరుగుతాయి, చివరికి ప్లాస్మా మొత్తం కూలుతుంది. తగినంత వేగం ఉంటే ఆ ఆగడం కష్టమవుతుంది. వేగంలో వాలు ఉంటే టర్బులెన్స్ సుడులు చిరిగిపోయి వేడి నిలుస్తుంది.

ఫ్రాన్స్‌లో కడుతున్న పెద్ద టోకమాక్ ఐటర్ విషయానికొస్తే 33 మెగావాట్ల న్యూట్రల్ బీమ్‌లు ఉంటాయి, కానీ కణాల శక్తి 1 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్. ఒకే పవర్‌కు కణం వేగం పెరిగే కొద్దీ అది ఇచ్చే టార్క్ (తిప్పే తోపు) తగ్గుతుంది. అమెరికాలోని డీ-త్రీ-డీ టోకమాక్ బీమ్‌లు 80 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర పనిచేస్తాయి. శక్తి నిష్పత్తి 12.5, వర్గమూలం 3.5. అంటే ఒక్కో మెగావాట్‌కు ఐటర్ బీమ్ ఇచ్చే తోపు దాదాపు మూడున్నర రెట్లు తక్కువ. తొయ్యాల్సిన ప్లాస్మానేమో 800 ఘనపు మీటర్లకు పైమాటే, సీ-మోడ్‌లో అది సుమారు 1 ఘనపు మీటరు. కాబట్టి బీమ్ మీద ఆశ పెట్టుకోలేం, ఆకారం ఊరికే ఇచ్చేదాన్ని వాడుకోవాలి. ఐటర్ ఎక్స్-పాయింట్ కింద, లోపలి వైపున ఉంటుంది, టీసీవీ లెక్క ప్రకారం అది కరెంట్ దిశకు అనుకూలం.

నీలిమేఘం

అంటే ఆకారం ఎప్పుడూ మేలే చేస్తుందా? చెడగొట్టే ఆకారాలు లేవా?

సున్నా_టార్క్

ఉన్నాయి. టోరస్ చుట్టూ క్షేత్రాన్ని పుట్టించే టోరాయిడల్ కాయిల్స్ లెక్కకు ఇన్నే ఉంటాయి కాబట్టి కాయిల్ కింద క్షేత్రం కాస్త ఎక్కువ, రెండు కాయిల్స్ మధ్య కాస్త తక్కువ. దీన్ని రిపుల్ అంటారు. ఇంగ్లండ్‌లోని జెట్ టోకమాక్‌లో 32 కాయిల్స్ ఉండేవి. ఒకటి విడిచి ఒకదానిలో కరెంట్ మార్చి రిపుల్‌ను 0.08 శాతం నుంచి 1.5 శాతం దాకా పెంచి చూశారు, మిగతావేవీ మార్చకుండా. నావే బృందం 2010లో ప్రచురించిన ఫలితం: రిపుల్ పెరిగితే ప్లాస్మా కరెంట్‌కు ఎదురు దిశలోకి జరుగుతుంది. రిపుల్ వల్ల అయాన్లు ఎలక్ట్రాన్ల కంటే ఎక్కువగా బయటికి జారతాయి, దాన్ని సరిచేసే కరెంట్‌కు క్షేత్రం తోడై టార్క్ పుడుతుంది. ఐటర్‌కు 18 కాయిల్సే కాబట్టి రిపుల్ తగ్గించడానికి అయస్కాంత గుణం ఉన్న ఉక్కు ముక్కలు అమర్చారు. డీ-త్రీ-డీలో బ్లాంకెట్ పరీక్షా మాడ్యూళ్ళకు (ఐటర్ గోడలో పెట్టబోయే, క్షేత్రాన్ని కాస్త చెదరగొట్టే ఉక్కు పెట్టెలు) నకలు పెట్టి చూసినప్పుడు కూడా ప్లాస్మా మీద కనిపించిన పెద్ద ప్రభావం భ్రమణం మందగించడమే.

పాతలెక్చరర్

ఈ మాట మీద స్టెల్లరేటర్‌ను (ప్లాస్మాను మెలికల కాయిల్స్‌తోనే పట్టి ఉంచే మరో రకం యంత్రం) కూడా తలుచుకోవాలి. టోకమాక్‌లో చుట్టూ సౌష్ఠవం ఉంది కాబట్టి ఆ దిశలో తిరగడానికి అడ్డు తక్కువ. స్టెల్లరేటర్‌లో అలాంటి దిశే ఉండదు. ఎటు తిరిగినా క్షేత్రం పెరుగుతూ తరుగుతూ ఎదురవుతుంది, ఆ జిగట భ్రమణాన్ని తినేస్తుంది. రేడియల్ విద్యుత్ క్షేత్రం కూడా అయాన్లు, ఎలక్ట్రాన్ల నష్టం సమానం కావాలన్న షరతుతోనే తేలిపోతుంది, ప్లాస్మాకు స్వేచ్ఛ మిగలదు. హెలాండర్, సిమాకోవ్ 2008లో తేల్చింది ఇదే: క్వాసీ-సౌష్ఠవం (క్షేత్ర బలం ఏదో ఒక దిశలో మారకుండా ఉండడం) ఉంటే తప్ప స్టెల్లరేటర్‌లో ప్లాస్మా వేగంగా తిరగలేదు.

విస్కాన్సిన్‌లోని హెచ్‌ఎస్‌ఎక్స్ ఆ క్వాసీ-సౌష్ఠవంతో కట్టిందే. అక్కడ ఎలక్ట్రోడ్‌తో ప్రవాహాన్ని పుట్టించి, ఆపేశాక ఎంతసేపు నిలుస్తుందో చూశారు. తరవాత అదనపు కాయిల్స్‌తో సౌష్ఠవాన్ని కావాలని చెడగొట్టి మళ్ళీ చూశారు. చెడగొట్టినప్పుడు ప్రవాహం త్వరగా చచ్చిపోయింది. ఆకారానికీ భ్రమణానికీ సంబంధం ఏంటని అడిగావు కదా, ఇంతకంటే సూటి ప్రయోగం నాకు తెలిసి లేదు.

వక్రరేఖ

అయినా ఇరవై నిమిషాల సెమినార్‌లో స్టెల్లరేటర్ దాకా పోతే మునిగిపోతారు సార్.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు

నాకూ అదే భయం. ఒకే ఒక్క గ్రాఫ్ పెట్టాలంటే ఏది పెట్టమంటారు?

గుండ్రటిగది

ఎక్స్-పాయింట్ స్థానం అడ్డంగా, అంచు భ్రమణం నిలువుగా. టీసీవీది. వాదించడానికి ఏమీ మిగలదు. చూశారా, నేనే చెబుతున్నాను.

అయాన్‌తోట

అదే. కానీ గ్రాఫ్ కంటే ముందు బోర్డు మీద మూడు బాణాలు గీయండి: ప్లాస్మా కరెంట్ ఎటు, టోరాయిడల్ క్షేత్రం ఎటు, అయాన్ల గ్రేడ్-బీ జారుడు పైకా కిందికా. కరెంట్ దిశ, ఎదురు దిశ అన్నవి కరెంట్‌ను బట్టి. జారుడు పైకా కిందికా అన్నది క్షేత్రాన్ని బట్టి. ఈ రెండూ విడివిడిగా తిప్పగలిగేవి. ఒక్కో బృందం ఒక్కో అమరికలో షాట్లు వేస్తుంది, బాణాలు లేకుండా రెండు యంత్రాల ఫలితాలు పక్కపక్కన పెడితే ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టు కనిపిస్తాయి. ఎవరో ఒకరు లేచి అదే అడుగుతారు.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు

సరే, మూడు బాణాలు, ఒక గ్రాఫ్. హెచ్‌ఎస్‌ఎక్స్‌ను ఎవరైనా అడిగితే చెప్పడానికి చివరి స్లైడ్‌లో దాచుకుంటాను. పాతలెక్చరర్ సార్, ఆర్గాన్ గీత జరుగుడు లెక్క నేనే చేసి చూశాను, 0.0013 వచ్చింది.